పలుచని వెనీర్ కింద లైట్ క్యూర్ సిమెంటా, డ్యూయల్ క్యూర్ సిమెంటా?

నవవైద్య: పై ముందు పళ్లు నాలుగింటికి 0.5 మి.మీ. మందం గల లిథియం డైసిలికేట్ (ఒక రకం గట్టి పింగాణి) వెనీర్లు, అంటే పంటి ముందువైపు అంటించే పలుచని పెంకులు, అతికించవలసి ఉంది. పింగాణి కిందికి కాంతి సరిగా చేరదు కాబట్టి లైటుతోనూ, లైటు లేకున్నా రసాయన చర్యతోనూ గట్టిపడే డ్యూయల్ క్యూర్ రెసిన్ సిమెంటే వాడాలని నాకు పని నేర్పిన సీనియర్ అంటారు. అది కొన్నేళ్లకు పసుపుకు తిరుగుతుందని మరికొందరు అంటారు. మీరు ఏది వాడుతున్నారో, ఎందుకో దయచేసి చెప్పండి.

ధవళ: ఇంత పలుచని వెనీర్‌కు, లైటు వేస్తేనే గట్టిపడే లైట్ క్యూర్ తప్ప మరొకటి ఆలోచించనక్కరలేదు. డ్యూయల్ క్యూర్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి సిమెంటును గట్టిపరచడానికి అమీన్ అనే రసాయనం కలుపుతారు. మిగిలిపోయిన ఆ అమీనే కాలక్రమంలో ఆక్సీకరణ చెంది పసుపుదనం తెస్తుంది. మందమైన క్రౌన్ (పంటి తొడుగు) కింద ఆ మార్పు కంటపడదు గాని, అర మిల్లీమీటరు పింగాణి వెనుక ఉన్న సిమెంటు రంగు పంటి రంగులో భాగమే అవుతుంది. పైగా లైట్ క్యూర్ అయితే వెనీర్‌ను కుదురుగా కూర్చోబెట్టి, అంచుల్లో పొంగినదాన్ని తుడిచి, మనం సిద్ధమయ్యాకే లైటు వేయవచ్చు.

దంతమిత్ర: ఆ వెసులుబాటును నమ్మే నేను నష్టపోయాను. లైట్ క్యూర్‌తో అతికించిన కోరపంటి వెనీర్ ఒకటి ఎనిమిది నెలలకే, ఎక్కడా పగలకుండా, మొత్తంగా ఊడి వచ్చింది. పేషెంట్ దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఖర్చు నేనే భరించి మళ్లీ చేసి ఇచ్చాను. కాంతి చేరని మూల ఒక్కటున్నా సిమెంటు పచ్చిగా మిగులుతుందని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఇప్పుడు అమీన్ లేని డ్యూయల్ క్యూర్ సిమెంట్లు వచ్చిన సంగతి ధవళ గారు ప్రస్తావించనేలేదు.

ధవళ: వాటితో రంగు భయం తగ్గుతుందని ఒప్పుకుంటాను. ఊడిన వెనీర్‌లో సిమెంటు ఎటువైపు మిగిలింది?

దంతమిత్ర: పింగాణి లోపలివైపే ఉంది, పన్ను శుభ్రంగా ఉంది. కాని మన చర్చ కాంతి చేరిందా లేదా అన్నదాని గురించి.

ధవళ: నేను అడుగుతున్నదీ దాని గురించే. ఎక్స్‌ప్లోరర్ (సూదిలాంటి పరికరం) మొనతో గీసినప్పుడు ఆ సిమెంటు మెత్తగా ఉందా?

దంతమిత్ర: లేదు, గట్టిగానే ఉంది.

సుమేధ: అయితే లైటు చేరినట్టే కదా, డాక్టర్ గారూ.

ధవళ: అవును. మీరు గీసి చూసింది పంటివైపు ఉండిన ముఖాన్ని, అంటే కాంతికి దూరంగా ఉన్నదాన్ని. అదే గట్టిపడిందంటే లోపం లైటులో లేదు. సిమెంటు పింగాణిని వదలలేదు కనుక, పింగాణికి సిమెంటు పట్టేలా చేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, సైలేన్ పని కూడా సరిగానే జరిగింది. పట్టు తప్పింది పంటి దగ్గరే. వెనీర్ కోసం పన్ను కోసినప్పుడు అక్కడ ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) మిగలలేదని నా అనుమానం. ఎనామెల్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎచ్ చేస్తే (గరుకుపరిస్తే) వచ్చే పట్టు డెంటిన్ (దాని కింది పొర) మీద అంత నమ్మకంగా రాదు. చిగురు దగ్గర ఎనామెల్ చాలాసార్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు.

దంతమిత్ర: నేను లోతుగా కోశానని నలుగురిలో అనడం మీకు తగదు. ఆ పన్ను నల్లబడి ఉంది. ఆ నలుపు పోవాలనే ఆవిడ వచ్చారు. కోయకుండా అర మిల్లీమీటరు పింగాణితో దాన్ని ఎలా కప్పాలో మీరే చెప్పండి. ఎనామెల్ కాపాడానని చెప్పి నల్ల పంటితోనే పంపించమంటారా?

ధవళ: వెనీర్ పట్టు నిలిచేది ఎనామెల్ మీద. రంగు కోసం దాన్ని తీసేసి, ఊడినప్పుడు సిమెంటును తప్పుపట్టడాన్నే నేను కాదంటున్నాను. ముందు బ్లీచింగ్ ప్రయత్నించవచ్చు. చాలకపోతే ఆ పంటికి వెనీర్ తగదని పేషెంట్‌కు చెప్పవచ్చు. మనిద్దరి తేడా సిమెంటులో లేదు, ఆ మాట చెప్పడానికి సిద్ధపడటంలో ఉంది.

పింగాణిపని: నేను ల్యాబ్‌లో వెనీర్లు తయారుచేసేవాణ్ని. ఈ తగవు చివరికి నా బల్ల మీదికే వస్తుంది. రంగు కలవలేదని ఒక సెట్ వెనక్కి వచ్చింది. కోసిన తరువాత పన్ను ఏ రంగులో ఉందో, ఏ షేడ్ సిమెంటు వాడతారో నాకు ఎవరూ చెప్పలేదు. కోరిన షేడ్ ఒక్కటే కాగితం మీద రాసి ఉంది. అడుగున ముదురు రంగు ఉందని తెలిస్తే ఇంకొంచెం అపారదర్శకమైన ఇంగాట్ (పింగాణి దిమ్మ) తీసుకునేవాణ్ని, లేదా ఇంత పలుచగా ఇది కుదరదని వెనీర్లు చేయకముందే ఫోన్ చేసేవాణ్ని. కోసిన పన్ను ఫోటో పంపండి. ఆ ఫోటో కూడా పన్ను తడిగా ఉండగానే, పక్కన షేడ్ ట్యాబ్ (రంగు నమూనా) పెట్టి తీయండి. పన్ను ఆరితే ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది.

దంతమిత్ర: ఆ ఫోటో నేను పంపలేదు. ఇకమీదట పంపుతాను. సిమెంటు మాత్రం మార్చను.

నవవైద్య: నా నాలుగు పళ్లలో ఒకటి కొద్దిగా ముదురుగా ఉంది. ఇంకా కోయలేదు. ముందు దాన్ని బ్లీచ్ చేసి, రంగు నిలకడకు వచ్చేదాకా ఆగి, తరువాత ట్రై-ఇన్ పేస్టులతో (అతికించేముందు సిమెంటు రంగును చూపేవి) చూసి లైట్ క్యూర్ షేడ్ ఎంచుకుంటాను. ఫోటోలు రేపు ల్యాబ్‌కు పంపుతాను.