“జ్యామితీయ మేళనాలు”: బ్యాలే గురించిన ఈ మాటలో అసలు పదానికి తెలుగు ఏది?

రంగస్థలి (ప్రశ్న):
చాలాకాలంగా ఒక వాక్యం మనసులో మెదులుతోంది కానీ పూర్తిగా పట్టుబడటం లేదు. బ్యాలే అంటే నిజానికి “పలువురు కలిసి ఆడుతూ కట్టే జ్యామితీయ...” అని సాగి, “పలు వాద్యాల నానావిధ శ్రుతిలో” అని ముగుస్తుంది. నడుమ ఉన్న పదం “మిశ్రమాలు” అని ఎక్కడో చదివినట్టు గుర్తు. ఆ మాట అక్కడ పొసగడం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే మిశ్రమం అనగానే కలిపిన వస్తువుల విడి రూపం పోయిందన్న భావం కలుగుతుంది. ఫ్రాన్సు ఆస్థాన నృత్యాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పెద్దలు సాయం చేయగలరు.

ఫ్రెంచి చదువరి:
అది బల్తజార్ ద బోజ్వాయ మాట. ఆయన ఇటలీ నుంచి వచ్చిన వాయులీన విద్వాంసుడు, ఫ్రాన్సు రాజమాత కాతరీన్ ద మెదీచీ కొలువులో నాట్యాచార్యుడు. 1581 అక్టోబరు 15న పారిస్‌లోని పెతీ బూర్బోఁ మందిరంలో, మూడో హెన్రీ రాజు భార్య అయిన రాణి లూయీజ్ చెల్లెలికి జ్వాయ్యూజ్ ప్రభువుతో జరిగిన వివాహ వేడుకల్లో భాగంగా ఆడిన “రాణిగారి బ్యాలే” ఆయన కూర్పే. మరుసటి ఏడు అచ్చయిన ఆ ప్రదర్శన గ్రంథంలో, పాఠకులను ఉద్దేశించిన ముందుమాటలో ఈ వాక్యం ఉంది. మీరు వదిలేసిన ముందు భాగం ఇంకా ముఖ్యమైనది. బ్యాలే ఆధునికమైన కల్పన అనీ, లేదా అలా పిలవదగినంత దూరపు ప్రాచీనకాలం నుంచి తిరిగి తెచ్చుకున్నదనీ చెప్పి, ఆ తరువాతే ఆయన ఈ నిర్వచనానికి దిగుతాడు. అక్కడ వాడిన పదం “మెలాంజ్”, అదీ బహువచనంలో. మిశ్రమం సరిపోదన్న మీ మాటతో ఏకీభవిస్తాను. “మేళనాలు” అంటే కలయిక అన్న అర్థం నిలుస్తుంది, కలిసినవారు ఎవరికివారుగా మిగిలే ఉంటారు, పైగా ఆ మాటలో సంగీతపు వాసన కూడా ఉంది.

నాట్యశాస్త్ర విద్యార్థిని:
మేళనం వినసొంపుగా ఉందన్నది నిజమే కానీ, ఇక్కడ బరువంతా “జ్యామితీయ” అన్న విశేషణం మీద ఉంది. రాజు మందిరంలో ఒక కొసన కూర్చున్నాడు, ఎందరో ప్రేక్షకులు గోడల వెంబడి కట్టిన ఎత్తైన వసారాల నుంచి కిందికి చూశారు. అంటే నాట్యం నేలమీద గీసిన బొమ్మలా పైనుంచి కనబడింది. చివరి పెద్ద బ్యాలేలో నలభై ఆకృతులు కట్టారని బోజ్వాయ స్వయంగా రాశాడు. ఒకసారి చతురస్రం, ఒకసారి వృత్తం, మరొకసారి త్రిభుజం, దాని పక్కన చిన్న చతురస్రం, ఇలా సాగాయట. జలకన్య వేషం వేసిన రాణితో సహా ఆ స్త్రీలు ఆచరణలో చూపిన జ్యామితి నిష్పత్తులను ఆర్కిమిడీస్ కూడా అంతకంటె బాగా ఎరిగి ఉండడని చూసినవారందరూ అనుకున్నారని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. మన శాస్త్రంలో దీనికి సిద్ధంగా ఉన్న పదం “బంధం”. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో పలువురు నర్తకులు కలిసి కట్టే పిండీబంధాలను భరతుడు చెప్పాడు. పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం అని అవి నాలుగు విధాలు. కాబట్టి “జ్యామితీయ బంధాలు” అనండి.

ఛందోభిమాని:
ఇద్దరూ వాక్యం మొదటి సగంలోనే ఆగిపోయారు. నా దృష్టిలో అసలు చిక్కు “నానావిధ శ్రుతిలో” అన్నచోట ఉంది. ఫ్రెంచి మూలంలో ఉన్నది “శ్రుతి కింద” అని, అంటే నాట్యం సంగీతానికి లోబడి నడవాలన్న సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వెనుక ఝాఁ ఆంత్వాన్ ద బైఫ్ ఉన్నాడు. ఆ శతాబ్దపు ఫ్రెంచి కవుల్లో నాకు అత్యంత ప్రీతిపాత్రుడు ఆయనే. 1570లో తొమ్మిదో చార్లెస్ అనుమతి పత్రంతో, తిబో ద కూర్విల్‌తో కలిసి ఆయన కవిత్వ సంగీత అకాడమీని స్థాపించాడు. సంగీతం క్రమం తప్పిన చోట జనుల నడవడి కూడా చెడుతుందని వారి నమ్మకం. మతయుద్ధాలతో రగులుతున్న ఆనాటి ఫ్రాన్సులో అది ఉత్త పాండిత్యం కాదు, ప్రాణావసరం. ప్రాచీన గ్రీకుల్లా పద్యాన్ని గురు లఘువుల మీద కట్టాలన్నది బైఫ్ పట్టుదల. గురువుకు లఘువు కంటె రెట్టింపు కాలమిచ్చి స్వరపరచడం వాళ్ళ పద్ధతి. క్లోద్ లె జన్ స్వరపరచిన వసంత గీతం మొదటి పాదం చూడండి: “ర వ సీ / వ నీర్ ద్యు / ప్రాఁ తాఁ”. లఘువు, లఘువు, గురువు. లఘువు, గురువు, లఘువు. ఆపైన రెండు గురువులు. అంటే స, జ, గ, గ. మొత్తం పన్నెండు మాత్రలు. ఈ లె జన్ జ్వాయ్యూజ్ పెళ్ళి వేడుకలకూ సంగీతం సమకూర్చాడు. బోజ్వాయ చెప్పిన “శ్రుతి”కి అర్థం ఈ గీతంలోనే వెతుక్కోవాలి.

ఫ్రెంచి చదువరి:
ఛందోభిమాని గారూ, ఆ గణ విభజనలో “ద్యు” మీద నాకు అభ్యంతరం ఉంది. దాని వెంటనే “ప్ర” అన్న సంయుక్తాక్షరం వస్తోంది కదా. మన లక్షణం ప్రకారం అది గురువు కావాలి, అప్పుడు పాదంలో మాత్రలు పదమూడవుతాయి. పైగా రాణిగారి బ్యాలేకు సంగీతం కూర్చినవారిలో ముఖ్యుడు లాంబెర్ ద బోల్యూ, లె జన్ కాదు. వసంత గీతాన్ని ఈ చర్చలోకి తేవాలంటే ఇంకొంచెం ఆధారం కావాలి.

ఛందోభిమాని:
“ద్యు” వేరే పదం, “ప్రాఁతాఁ” వేరే పదం. తెలుగులో “నీవు ప్రాణము” అన్నప్పుడు “వు” లఘువుగానే నిలుస్తుంది, సంస్కృత సమాసమైతేనే గురువవుతుంది. లాటిన్‌లోనూ స్పర్శ వర్ణం మీద రేఫ చేరినప్పుడు ముందున్న అక్షరాన్ని గురువుగా లెక్కించడం కవి ఇష్టం. బైఫ్ లెక్కలో ఇది లఘువే, లె జన్ ఇచ్చిన స్వరం కూడా హ్రస్వమే. ఏ అక్షరం ఎంతసేపు పలకాలో అచ్చులోనే తెలియాలని బైఫ్ ప్రత్యేకమైన వర్ణక్రమాన్ని కల్పించి, 1574లో దానితోనే ఒక పద్య సంపుటం వెలువరించాడు. ఒక్కొక్క అక్షరం కోసం అంత శ్రమించిన కవిని ఫ్రెంచివారే సగం మరిచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇక బోల్యూ మాటకు వస్తే, ఆయన స్వరాలలోనూ ఈ గురు లఘు పద్ధతి జాడలు ఉన్నాయి.

రంగస్థలి:
బైఫ్ గురించి తెలుసుకోవడం సంతోషంగా ఉంది. అయితే నా వ్యాసంలో ఒక్క పదం ఇంకా ఖాళీగానే ఉంది. మేళనమా, బంధమా?

రెండూ కాదనే పాఠకుడు:
“వ్యూహం” అనండి. చివరి బ్యాలే నడుమ నర్తకులు ఒక గొలుసుగా ఏర్పడ్డారనీ, అందులో ఒకదానితో ఒకటి పోలని నాలుగు అల్లికలు ఉన్నాయనీ, క్రమం ఎంత చక్కగా నిలిచిందంటే చూసేవారు దాన్ని బారులు తీరిన యుద్ధసేన అనుకుంటారనీ బోజ్వాయే రాశాడు. యుద్ధం పోలిక ఆయనే తెచ్చినప్పుడు, పద్మవ్యూహం, మకరవ్యూహం చదివిన జాతి మరో మాట కోసం వెతకవలసిన పని లేదు. వ్యూహంలో ప్రతి మనిషి స్థానమూ నిర్ణీతం, కదలికా నిర్ణీతం, మొత్తానికి ఒక ఆకృతీ ఉంటుంది.

నాట్యశాస్త్ర విద్యార్థిని:
ఆ గొలుసే నా పక్షాన సాక్ష్యం చెబుతోంది. భరతుడి శృంఖలిక అంటే గొలుసే కదా. అంతకంటె బలమైన ఆధారం 1610లో ఉంది. ఆ జనవరిలో నాలుగో హెన్రీ ఎదుట వాందోమ్ ప్రభువు బ్యాలే ఆడినప్పుడు, పన్నెండుమంది వీరులు నేలమీద పన్నెండు ఆకృతులు కట్టారు. ఒక్కొక్కటి డ్రూయిడ్లనే ప్రాచీన కెల్టు పురోహితుల లిపిలో ఒక అక్షరమనీ, దానికి “బలమైన ప్రేమ”, “పరమాధికారం” వంటి అర్థాలున్నాయనీ అచ్చు ప్రతిలో బొమ్మలతో సహా వివరించారు. మనుషులు అక్షరాలై నిలబడితే, పైనున్నవారు చదువుకున్నారు. పద్యాక్షరాలను బొమ్మలో ఇమిడ్చి చక్రబంధం, నాగబంధం రాసిన మన చిత్రకవులకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1700లో ఫ్రెంచి నాట్యాచార్యుడు ఫయ్యే నాట్యాన్ని లిపిబద్ధం చేసినప్పుడు కూడా కాగితం మీద మొదట గీసినది నర్తకుడు నేలమీద నడిచే దారినే. ఆయన పెట్టిన “కొరియోగ్రఫీ” అన్న పేరుకు అప్పటి అర్థం నాట్యాన్ని రాయడం, కూర్చడం కాదు. ఫ్రాన్సులో నూరేళ్ళకు పైగా బ్యాలే అంటే నేల మీది రాతే.

ఫ్రెంచి చదువరి:
1610 నాటి అలవాటుతో 1581 నాటి మాటకు అర్థం చెప్పడం నాకు సమ్మతం కాదు. అక్షరం చదవాలంటే నర్తకులు క్షణమైనా ఆగాలి. బోజ్వాయ వర్ణించిన నలభై ఆకృతులు ఒకదానిలోంచి ఒకటి పుడుతూ, చెదురుతూ, మళ్ళీ కూడుతూ సాగుతాయి. బంధం, వ్యూహం రెండూ కట్టి నిలిపిన స్థితిని చెబుతాయి. కూడటాన్నీ విడిపోవడాన్నీ కలిపి పట్టుకునేది మేళనం ఒక్కటే. రంగస్థలి గారు వ్యాసంలో ఏ మాట వాడినా, “మెలాంజ్” మూలంలో బహువచనమన్న సంగతి మాత్రం వదలవద్దని మనవి.

ఛందోభిమాని:
బహువచనం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే “శ్రుతి” అక్కడ ఏకవచనంలో ఉందని కూడా గమనించండి. ఆకృతులు అనేకం, వాద్యాలు అనేకం, శ్రుతి ఒక్కటే. అనువాదంలో అది చెడితే మిగిలిన పదాలు ఎంత చక్కగా కుదిరినా ప్రయోజనం లేదు. “ద్యు” లఘువన్న మాట మీద కూడా నేను ఇంకా నిలబడే ఉన్నాను.