బౌవీ కత్తిని ఈనాడు తయారుచేయాలంటే దేనిని ఉంచాలి, దేనిని మార్చాలి?

వాదర (చర్చ ప్రారంభం):

మడత పడని పెద్ద కత్తులలో అమెరికా బౌవీ కత్తికి ఉన్నంత పేరు మరొక దానికి లేదు. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నది ఇసుకతిన్నె మీద జరిగిన కొట్లాటలో జేమ్స్ బౌవీ వాడిన కత్తి గురించి పత్రికలు రాయడంతో ఆ పేరు దేశమంతా పాకింది. తరువాత ఇంగ్లండులోని షెఫీల్డు తయారీదారులు కూడా ఆ మార్కెట్ కోసం ఈ కత్తులను పెద్ద ఎత్తున చేసి పంపారు. దానికి పేరు వచ్చింది పోరాటంలో. ఈనాడు దానిని నిజంగా వాడేవారు మాత్రం కొమ్మలు నరకడానికి, కట్టెలు చీల్చడానికి, గుడారం దగ్గర నానారకాల పనులకు వాడుతున్నారు. కాబట్టి రూపకల్పనను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించవలసిందే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈనాటి పెద్ద కత్తులలో అసలు లోపం ఉక్కులో లేదు, 6 మిల్లీమీటర్ల మందపు ఉక్కు పట్టీని పిడి నుంచి మొన దాకా ఒకే మందంతో వదిలేయడంలో ఉంది. పాత కమ్మరులు సుత్తితో సాగదీసేటప్పుడు అలుగు మొన వైపు సహజంగానే పలచబడేది. యంత్రంతో కోసిన పట్టీలో ఆ పలచదనం దానంతట అది రాదు, దానికోసం అదనంగా పని చేయాలి. చాలామంది ఆ పని మానేసి, మందాన్ని బలంగా చూపించి అమ్ముతున్నారు. ముందుగా తిరిగి తెచ్చుకోవలసింది ఆ వాలునే అని నేను వాదిస్తున్నాను.

పాతఉక్కు:

వాదర గారూ, ‘పాత రూపం’ అన్నప్పుడు ఏ రూపాన్ని అంటున్నామో ముందు తేల్చుకోవాలి. జేమ్స్ అన్న రెజిన్ బౌవీ 1838లో ఒక పత్రికకు రాసిన లేఖలో, మొదటి కత్తిని తానే చేయించానని చెబుతూ దాని కొలతలు కూడా ఇచ్చాడు. అలుగు పొడవు తొమ్మిదింపావు అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర అంగుళం, పదును ఒకవైపే, వంపు లేదు. అంటే మొన దగ్గర వెన్నును పుటాకారంగా కోసినట్టు కనిపించే క్లిప్ పాయింటు ఆ వర్ణనలో లేనే లేదు. అందరూ బౌవీ అని గుర్తుపట్టే ఆకారం తరువాతి దశాబ్దాలలో స్థిరపడింది.

అయినా ఆ స్థిరపడిన ఆకారాన్నే ఉంచాలని నా వాదన. వెన్నును అలా కోయడం వల్ల మొన అలుగు మధ్యరేఖకు దగ్గరగా దిగుతుంది, అందువల్ల సన్నని పనిలో మొన ఎక్కడ ఉందో చేతికి తెలుస్తుంది. పిడికీ అలుగుకూ మధ్య ఉండే గార్డు కూడా అలంకారం కాదు, తడిచేయి జారి వాదర (పదును అంచు) మీదికి పోకుండా ఆపేది అదే. ఈ రెండూ తీసేసి మిగిలినదాన్ని బౌవీ అని పిలవడం నాకు సమ్మతం కాదు.

కొలిమిపని:

నేను వాదర గారితో విభేదిస్తున్నాను. పెద్ద కత్తిని కొనేవాడు దానిని సున్నితంగా వాడడు. వెన్ను మీద దుంగతో కొట్టి కట్టెలు చీలుస్తాడు, మొనను చెక్కలో గుచ్చి పెళ్ళగిస్తాడు. ఆ దెబ్బలకు నిలవాలంటే మందం కావాలి, పిడి చివరిదాకా పూర్తి వెడల్పుతో వెళ్ళే ఉక్కు కావాలి. పైగా మొన వైపు బరువు తీసేస్తే వేటులో ఊపు పోతుంది. ఊపు లేని పెద్ద కత్తి ఎవరికి కావాలి?

పరీక్షల సంగతి కూడా చూద్దాం. 1976లో ఏర్పడిన కత్తులు చేసే కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే పరీక్షలో అలుగు పది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు దాటకూడదు. వేలాడే అంగుళం మందపు తాడును ఒకే వేటుకు తెంపాలి, చెక్కను రెండుసార్లు అడ్డంగా నరకాలి, ఆపైన కూడా అదే వాదర వెంట్రుకలను గీయాలి, చివరకు వైస్ అనే పట్టుడు పరికరంలో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. కత్తి అంటే ఇన్నిటినీ తట్టుకోవాలి కదా!

వాదర:

కొలిమిపని గారూ, మీరు చెప్పిన పరీక్ష కమ్మరి నేర్పును కొలవడానికి పెట్టినది. వెన్నును మెత్తగా, వాదరను గట్టిగా ఉంచడం అతనికి చేతనైందో లేదో అది చక్కగా చెబుతుంది. కానీ 90 డిగ్రీలు వంగి అలాగే ఉండిపోయిన కత్తి అడవిలో దేనికీ పనికిరాదు. వాడేవాడికి కావలసింది కాస్త వంగి మళ్ళీ తన నిటారుకు తిరిగి వచ్చే కత్తి.

ఇక్కడే మందం గురించి ఒక అపోహ ఉంది. ఉక్కు వంగకుండా నిలిచే బిగువు హీట్ ట్రీట్‌మెంట్‌తో (కాచి చల్లార్చి గట్టిపరచడంతో) దాదాపు మారదు, అది మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 6 మి.మీ. పట్టీని 4 మి.మీ.కు తగ్గిస్తే బిగువు మూడోవంతు కంటే తక్కువకు పడిపోతుంది, ఇది మీ వైపు వాదన. అయితే రెండింటినీ ఒకే వంపుకు తెస్తే పైపొర సాగుదల మందానికి నేరు నిష్పత్తిలో పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపులో 6 మి.మీ. పట్టీ పైపొర ఒక శాతం సాగుతుంది, 3 మి.మీ. పట్టీ పైపొర అర శాతమే సాగుతుంది. గట్టిపరచిన ఉక్కు శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యేది దాదాపు ఆ ఒక శాతం దగ్గరే. అంటే మొన వైపు పలచబడిన అలుగు ముందుగా వంగుతుంది, కానీ తిరిగి వస్తుంది. మందపుది మొండికేసి నిలిచి, ఒకసారి హద్దు దాటాక తిరిగి రాదు.

బరువు సంగతి కూడా లెక్కిద్దాం. 25 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న పట్టీ పదును చెక్కక ముందు దాదాపు 470 గ్రాములు తూగుతుంది. అదే మొన దగ్గర 3 మి.మీ.కు వాలుతూ పోతే దాదాపు 350 గ్రాములు. వేటులో ఊపు తగ్గుతుందన్న మీ మాట నిజమే. ఆ లోటును మందంతో కాక వెడల్పుతో పూడ్చాలి. క్లిప్ మొదలయ్యే చోట అలుగును కాస్త వెడల్పు చేస్తే బరువు అక్కడ చేరుతుంది, వాదర వెనుక మాత్రం పలచగానే ఉంటుంది. చెక్కలోకి ఎంత లోతు దిగుతుందన్నది చివరికి వాదర వెనుక మందమే నిర్ణయిస్తుంది. అక్కడ అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉండి, అలుగు బుగ్గలు (పక్కలు) కొంచెం ఉబ్బుగా ఉంటే కత్తి చెక్కలో ఇరుక్కోకుండా పైకి వస్తుంది.

అడవిదారి:

అలుగు గురించి ఇంత చర్చ జరుగుతున్నా, పెద్ద కత్తులు ఎక్కువగా విరిగేది పిడి మొదట్లో అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూస్తే కథంతా అక్కడే కనిపిస్తుంది. అలుగు భుజం నుంచి తోక (పిడి లోపలికి వెళ్ళే ఉక్కు భాగం) సన్నబడే లోపలి మూల దగ్గర నల్లగా తుప్పు పట్టిన చిన్న అర్ధచంద్రాకారపు మచ్చ ఉంటుంది, మిగిలిన భాగమంతా బూడిదరంగు గరుకుతో కొత్తగా మెరుస్తుంది. ఆ నల్లని మచ్చ పాత పగులు. చాలాకాలంగా నీరు తాగుతూ, వేటు వేటుకూ పెరుగుతూ వచ్చిన పగులు అది. మెరిసే భాగం చివరి దెబ్బకు తెగినది. దీనికి కారణం తోక సన్నగా ఉండటం కాదు, ఆ లోపలి మూలను ఆకురాయితో చతురస్రంగా తీయడం. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రదనం ఇస్తే ఒత్తిడి ఒక్క బిందువులో పోగుపడదు.

అందువల్ల పూర్తి వెడల్పు తోకే కావాలన్న పట్టుదల అనవసరం. అమెరికా మెరైన్లు 1942లో స్వీకరించిన ఏడంగుళాల అలుగున్న కత్తికి తోలు బిళ్ళలు గుచ్చిన సన్నని తోకే ఉండేది, అది యుద్ధాన్ని చూసిన కత్తి. తోక సన్నగా ఉంటే పిడి బరువు తగ్గుతుంది, చలిలో చేతికి ఇనుము తగలదు.

కొలిమిపని:

మూల గుండ్రదనం విషయంలో అడవిదారి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మందం విషయంలో మాత్రం సగమే ఒప్పుకుంటాను. పిడి దగ్గర 6 మి.మీ. ఉండి తీరాలి, అలుగులో మొదటి మూడోవంతు దాటాకే వాలు మొదలవ్వాలి. ఎందుకంటే దుంగతో కొట్టేటప్పుడు వంపు ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే.

ఉక్కు గురించి కూడా ఒక మాట. ఈ పరిమాణపు కత్తికి 0.6 శాతం కార్బను, కొద్దిగా క్రోమియం ఉండే 5160 స్ప్రింగు ఉక్కు ఇప్పటికీ చక్కని ఎంపిక. తుప్పు బాధ వద్దనుకునేవారికి 2021లో లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు ఉంది, స్టెయిన్‌లెస్ ఉక్కులలో దెబ్బను అంతగా తట్టుకునేవి అరుదు. అయితే అసలు లోపం ఉక్కులో లేదన్న వాదర గారి మాటను నేనూ సమర్థిస్తాను, ఖరీదైన ఉక్కును తెచ్చి మొద్దు ఆకారంలో కోయడం కంటే సాధారణ ఉక్కును సరిగ్గా చెక్కడమే మేలు.

పాతఉక్కు:

వాలు, తోక, ఉక్కు విషయాలలో నాకు అభ్యంతరం లేదు, అవన్నీ పాత కత్తులలో ఉన్నవే. గార్డు విషయంలో ఒక్క మార్పుకు ఒప్పుకుంటాను. వెన్ను వైపు కొమ్మును తీసేయవచ్చు, చెక్కేటప్పుడు బొటనవేలు వెన్ను మీదికి రావడానికి అది అడ్డుపడుతుంది. వాదర వైపు కొమ్ము మాత్రం ఉండి తీరాలి, దాని ఎత్తు ఒక వేలి మందానికి తగ్గకూడదు. క్లిప్ అంచుకు పదును పెట్టకూడదని కూడా చేర్చండి. ఆ భాగం మీద కర్రతో కొడతారు గనుక, అక్కడ పదును ఉంటే కర్ర చిట్లుతుంది, కొట్టేవాడి చేయి కూడా తెగుతుంది.