స్క్రూ హోల్: డింపుల్‌కు ముందే ఫైనల్ సైజు చేయాలా, తర్వాతా?

టెక్సాస్_గరాజ్: అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు సీట్ల కిట్ విమానం కడుతున్నాను. ఫ్యూయల్ ట్యాంకును రెక్క స్పార్‌కు (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) బిగించే 8వ నంబర్ స్క్రూల వరస దాకా వచ్చాను. షీటు 2024-టీ3 (ఒక రకం అల్యూమినియం మిశ్రమం), మందం 0.032 అంగుళం. ఇక్కడి బిల్డర్లు రెండు రకాలుగా చెబుతున్నారు. హోల్‌ను ముందే 19వ నంబర్ డ్రిల్లు సైజుకు, అంటే 0.166 అంగుళానికి తెరిచి, అంచు నున్నగా చేసి, ఆపైన డింపుల్ (స్క్రూ తల షీటుతో సమంగా కూర్చునేలా హోల్ చుట్టూ నొక్కే గుంట) కొట్టమని కొందరు. చిన్న హోల్‌తోనే డింపుల్ కొట్టి తర్వాత రీమర్‌తో (హోల్ గోడను సన్నగా గీకే పనిముట్టు) సైజుకు తెచ్చుకుంటే, అంచున పుట్టిన సన్న చీలికలు కూడా పోతాయని మిగతావాళ్లు. ఒక ప్రాక్టీసు ముక్క మీద హోల్ అంచు నుంచి బయటికి వెంట్రుకంత క్రాక్ కనిపించింది. అసలు షీటు మీద చేయాలంటే టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

రేకుపని_శంషాబాద్: ముందే సైజు చేయండి. డింపుల్‌లో రేకు వంగడమే కాదు, సాగుతుంది కూడా. అందరికంటే ఎక్కువ సాగేది హోల్ అంచు. హోల్ ఎంత చిన్నదైతే అంచు తన చుట్టుకొలతతో పోలిస్తే అంత ఎక్కువ సాగాలి. 2024-టీ3 సాగే గుణం దాదాపు 15 శాతం. అది దాటిస్తే పగలక ఏం చేస్తుంది? పైగా మీ డై (డింపుల్ నొక్కే అచ్చు) మధ్యలో హోల్‌లోకి దిగే మొన, అంటే పైలట్, 8వ నంబర్ స్క్రూకు సరిపడేది. దాన్ని చిన్న హోల్‌లోకి దించితే చింపుకుంటూ పోతుంది. ఇంకోటి, గుంట పడిన హోల్‌లో రీమర్ నిలకడగా తిరగదు. కిందివైపు లేచిన బర్‌ను (పదునైన లోహపు రేగును) మళ్లీ తీయడం నరకం.

ఇన్‌స్పెక్షన్_రిటైర్డ్: శంషాబాద్ తమ్ముడు చెప్పింది డై విషయంలో నిజం, మిగతా దాంట్లో సగమే నిజం. ఫ్యాక్టరీల్లో పైలట్ హోల్ (ముందుగా వేసే చిన్న హోల్) వేసి, దానికి సరిపడే చిన్న పైలట్ ఉన్న డైతో డింపుల్ చేసి, తర్వాత రీమ్ చేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎక్కువ సాగి అలసిన లోహం ఆ అంచు దగ్గరే ఉంటుంది, రీమర్ దాన్నే తీసేస్తుంది. అయితే పైలట్ హోల్ ఫైనల్ సైజుకు దగ్గరగా ఉండాలి, మరీ చిన్నదైతే మీరన్న ప్రమాదమే. రీమర్ నిలవదన్నారు కదా, షీటు కింద డింపుల్ ఆకారానికి చెక్కిన గట్టి చెక్క పెట్టి చూడండి. ఇంకా గట్టి, బిరుసైన అల్యూమినియం 7075-టీ6 అయితే ఈ వాదనే అనవసరం, దానికి వేడి డైలు కావాలి. టార్చ్‌తో కాల్చకండి, టెంపర్ (లోహానికి తెప్పించిన గట్టితనం) పోతుంది.

హిల్స్‌బరో_రెక్కలు: మీ ఇద్దరి గొడవ సైజు మీద. నా గొడవ అంచు మీద. ఆరిగన్‌లోని కిట్ విమానాల కంపెనీ వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ లేజర్‌తో కోయించిన భాగాల సంగతి గుర్తుందిగా? కట్ మొదలై ముగిసే చోట హోల్ అంచున చిన్న గాటు మిగిలింది. బిల్డర్లు డింపుల్ కొట్టగానే క్రాక్‌లు బయటపడ్డాయి. కంపెనీ పరీక్షలు చేయించింది, చాలా భాగాలు వాడుకోవచ్చంది, కొన్నింటికి మార్పిడి ఇచ్చింది. మిగతా ఇబ్బందులూ తోడై 2023 డిసెంబరులో దివాలా రక్షణకు వెళ్లింది. అంచున ఒక్క గాటు ఉంటే మీరు ముందు రీమ్ చేసినా తర్వాత రీమ్ చేసినా దాన్ని పూర్తిగా తీసేశారా అన్నదే ముఖ్యం. పంచ్ చేసిన హోల్‌కు కూడా ఇదే మాట. పంచ్ చేసిన అంచు గరుకుగా, బిరుసుగా ఉంటుంది, దాన్ని తీసేయకుండా డింపుల్ కొట్టకూడదు.

రేకుపని_శంషాబాద్: అంచు విషయంలో నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. దాన్నే ఇంకొంచెం చెబుతాను. హోల్ గోడ మీద గుండ్రంగా చుట్టిన గీత పెద్ద ప్రమాదం కాదు. పైముఖం నుంచి కిందిముఖానికి నిలువుగా పడిన గీతే క్రాక్‌కు దారి, ఎందుకంటే సాగదీత దానికి అడ్డంగా ఉంటుంది. ఆగిపోయిన డ్రిల్లును హోల్‌లోంచి లాగితే సరిగ్గా అలాంటి గీతే పడుతుంది, తిరుగుతుండగానే బయటికి తీయండి. డీబర్ టూల్ చేత్తో రెండు మూడు తిప్పులు చాలు. అదేపనిగా తిప్పితే అంచు బ్లేడులా పలచబడుతుంది, పలచని అంచు ముందు పగులుతుంది. తర్వాత హోల్‌లో కాటన్ బడ్ తిప్పండి. పోగు చిక్కుకుందంటే ఇంకా బర్ ఉంది.

టెక్సాస్_గరాజ్: థాంక్యూ అన్నా. నా దగ్గర చిన్న పైలట్ డై లేదు కాబట్టి ముందే రీమ్ చేస్తా. ఒక్క సందేహం: అసలు షీటు మీద క్రాక్ వస్తే చివర స్టాప్ డ్రిల్ (క్రాక్ ముందుకు పాకకుండా వేసే చిన్న హోల్) పెట్టొచ్చా?

ఇన్‌స్పెక్షన్_రిటైర్డ్: వద్దు బాబూ. చదునైన షీటులో క్రాక్‌కు ఆ చిట్కా సరే, డింపుల్ వాలులో దాని చివర ఎక్కడుందో మీకు కనిపించదు. క్రాక్ పూర్తిగా పోయేలా 10వ నంబర్ స్క్రూకు తెరవొచ్చేమో చూడాలి. అదీ షీటు అంచు నుంచి హోల్ మధ్యకు చాలినంత దూరం ఉంటేనే. దానికి ముందు కిట్ కంపెనీకి రాసి అనుమతి తీసుకోండి. 10 రెట్ల లూపుతో (చిన్న భూతద్దంతో) ప్రతి డింపుల్‌నూ రెండు వైపులా చూడండి, హోల్ అంచునే కాదు, గుంట మొదలయ్యే వంపు చుట్టూ కూడా. ప్రైమర్ కొట్టకముందే చూడండి.