ఇమజలిల్ ఉన్నా సిద్ధబీజాలు మొలకెత్తుతున్నాయి: మందు పనిచేయనట్లేనా?

ప్రశ్న:
నారింజకు ఆకుపచ్చ బూజు పట్టించే పెనిసిలియం డిజిటేటమ్ సిద్ధబీజాలను ఇమజలిల్ అనే శిలీంద్రనాశక మందు కలిపిన పోషక మాధ్యమంపై ఉంచి, మరునాడు సూక్ష్మదర్శినిలో చూశాను. చాలావరకు మొలకెత్తాయి, అయితే మొలకలు పొడవు సాగక, ఉబ్బి, వంకర్లు తిరిగి ఉన్నాయి. మందు పనిచేసినట్లా, లేనట్లా? మాధ్యమం పీహెచ్‌ను బట్టి ఫలితం మారుతుందని విన్నాను, కారణం తెలుపగలరు.

జవాబు 1:
పనిచేసిందండి, ఆ ఉబ్బిన మొలకే రుజువు. శిలీంద్రాల కణత్వచానికి ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. దాని తయారీలో, పూర్వపదార్థపు 14వ కార్బన్ మీదున్న మిథైల్ సమూహాన్ని తొలగించే సీవైపీ51 అనే ఎంజైమ్ ఉంది. ఆ ఎంజైమ్‌లోని హీమ్ అనే భాగపు ఇనుముపై ఆక్సిజన్ చేరవలసిన చోటును, ఇమజలిల్ అణువులో ఉండే ఇమిడజోల్ అనే వలయంలోని రెండు నత్రజనులలో పక్కగొలుసు లేనిది తన ఎలక్ట్రాన్ జంటతో పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ఎర్గోస్టెరాల్ తయారీ కుంటుపడి, మిథైల్ సమూహం పోని స్టెరాల్‌లు పేరుకుని, త్వచం పటుత్వం కోల్పోతుంది. సిద్ధబీజంలో ముందే నిల్వ ఉన్న ఎర్గోస్టెరాల్ మొలక రావడానికి సరిపోతుంది గాని, ఆ తరువాతి పెరుగుదలకు చాలదు. కాబట్టి మొలకెత్తిన శాతాన్ని చూసి మందును అంచనా వేయవద్దు, మొలక పొడవును కొలవండి.

జవాబు 2:
పీహెచ్ సంగతికి కూడా ఆ నత్రజనే మూలం. ఇనుమును పట్టే ఎలక్ట్రాన్ జంటే ప్రోటాన్‌ను కూడా స్వీకరించి, అణువుకు ధనావేశం తెస్తుంది. ఇమజలిల్ బలహీన క్షారం, దాని పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను స్వీకరించి ఉండే పీహెచ్) సుమారు 6.5, అంటే పీహెచ్ 7.5 వద్ద పదింట తొమ్మిది వంతులు ఆవేశం లేని రూపంలో ఉంటే, 5.5 వద్ద పదింట ఒక వంతే అలా మిగులుతుంది. కొవ్వు స్వభావం గల కణత్వచాన్ని సులువుగా దాటేది ఆవేశం లేని రూపమే. అయితే అదే రూపం నీటిలో లీటరుకు దాదాపు 0.18 గ్రాములకు మించి కరగదు, అందుకే ఎమల్షన్‌గానో, నీటిలో బాగా కరిగే సల్ఫేట్ లవణంగానో వాడతారు. పీహెచ్ నమోదు చేయని రెండు ప్రయోగాలను పోల్చడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

జవాబు 3:
మొలకలు మామూలుగా, తిన్నగా సాగి ఉంటేనే ఆందోళన పడాలి. ఈ బూజులో నిరోధకత సాధించిన కొన్ని రకాలలో సీవైపీ51 జన్యువుకు ముందున్న 126 క్షారజంటల ఖండం ఐదుసార్లు వరుసగా పునరావృతమై, ఎంజైమ్ ఎక్కువ మోతాదులో తయారవుతుంది. ఆ స్థితిలో ప్రోక్లోరాజ్ అనే మరో శిలీంద్రనాశకానికి మారినా పెద్దగా మేలు ఆశించలేము, అదీ ఇమిడజోలే, పట్టుకునేది ఆ ఇనుమునే. పనిచేసే తీరు వేరైన మందును ఎంచుకోవాలి.