నాన్న మెదడులో రక్తం గడ్డ: చిన్న రంధ్రం పెట్టి తీసే ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా?

ప్రశ్న:
నాన్నకి 61 ఏళ్లు. రెండు నెలలుగా బీపీ మాత్రలు మానేశారట, మాకు చెప్పలేదు. నిన్న చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడి చెయ్యి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రికి చేరేసరికి బీపీ 210. సిటీ స్కాన్‌లో ఎడమవైపు బాగా లోపల, బేసల్ గ్యాంగ్లియాలో 35 మిల్లీలీటర్ల గడ్డ ఉందన్నారు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, ఎడమ చేత్తో నా వేలు పట్టుకుంటున్నారు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అమ్మా, నేను న్యూరో ఐసీయూలో నర్సుని. ముందు గడ్డ ఎక్కడుందో చూడాలి. ఈ ఆపరేషన్ రెండు రకాలు. ఒకదాంట్లో సన్నని ట్యూబ్ గడ్డలోకి దించి, కరిగించే మందు వేస్తూ రెండు మూడు రోజుల్లో బయటికి తెస్తారు. రెండోదాంట్లో వేలి లావు గొట్టాన్ని మెదడు మడతల మధ్యగా పంపి ఒకేసారి తీసేస్తారు. 2024లో వచ్చిన ఎన్‌రిచ్ అనే వైద్య పరిశోధనలో 300 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి 24 గంటల్లోపు ఈ రెండో పద్ధతిని వాడి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. మెదడు పైభాగపు గడ్డలకు మేలు స్పష్టంగా కనిపించింది. మీ నాన్నగారిలా లోపలి గడ్డ ఉన్నవాళ్లను చేర్చుకోవడం మాత్రం మధ్యలోనే ఆపేశారు, ఫలితం రాదనిపించి. ట్యూబ్ పద్ధతి మీద 2019లో వచ్చిన మిస్టీ అనే పరిశోధనలో కూడా మొత్తమ్మీద కోలుకోవడంలో తేడా తేలలేదు. గడ్డ 15 మిల్లీలీటర్లకు తగ్గినవాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు.

ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారంటే వదిలేసినట్టు కాదు. బీపీ 140 దగ్గరికి దించి ఎగుడుదిగుళ్లు లేకుండా నిలపడం, షుగర్, జ్వరం చూసుకోవడం, ఇదంతా వైద్యమే. మత్తు పెరిగితే మాత్రం లెక్క మారిపోతుంది, అప్పుడు ప్రాణం కోసం చేస్తారు. డాక్టర్‌గారిని ఒక్కటే అడగండి: "రెండో స్కాన్‌లో గడ్డ పెరిగిందా?"

జవాబు 2:
మా అమ్మకీ లోపలి గడ్డే. స్పృహ తప్పుతోందని ట్యూబ్ వేశారు. ప్రాణం దక్కింది, మాట నెమ్మదిగా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు, మూడేళ్లయినా జడ నేనే వేస్తున్నాను. గడ్డ తీస్తే చెయ్యి వెంటనే లేస్తుందని నేను ఆశపడ్డాను, ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో ఇప్పుడే అడగండి.

ప్రశ్న వేసినవారు:
అక్కా, ఇద్దరికీ దండాలు. రెండో స్కాన్‌లో గడ్డ అంతే ఉంది. ఇంకో రోజు ఆగి చూద్దాం, మత్తు పెరిగితే వెంటనే ట్యూబ్ వేద్దాం అన్నారు, సరేనన్నాను. బీపీ 138. ఇందాక నన్ను పేరు పెట్టి పిలవబోయారు, మొదటి అక్షరం వచ్చింది.