బోణీ చేసేది ఎవరు? కొన్నవారా, అమ్మినవారా?

సభ్యులకు నమస్కారం. 'బోణీ' అనే మాటకు కర్త ఎవరన్నది నా సందేహం. కూరగాయల బండి దగ్గర "మీ చేత్తో బోణీ చేయండమ్మా" అంటారు. అంటే బోణీ చేసేది కొనేవారు. పత్రికలో ఆటల పేజీ తీస్తే "సిరీస్‌లో భారత్ బోణీ" అని ఉంటుంది. అక్కడ గెలిచినవారే బోణీ చేసుకున్నారు. ఒకే మాట రెండు వైపులా ఎలా తిరిగింది?

ఈ ఆలోచన టర్కీలో మొదలైంది. మా ఓడ పొద్దున్నే కుషాదసి రేవులో ఆగింది. సాయంత్రం మళ్లీ బయల్దేరుతుంది. తోటివాళ్లు చాలామంది బస్సులెక్కి ఎఫెసస్ శిథిలాలకు వెళ్లారు. మేమిద్దరం మాత్రం బజారు దారి పట్టాం. రేవు దాటగానే కోటలా కనిపించే సరాయి ఒకటుంది. 1618లో ఓకూజ్ మెహ్మెద్ పాషా కట్టించినదట. ఆ చుట్టుపక్కల సందుల్లో తోలు కోట్లు, తివాచీలు, లోకుమ్ మిఠాయి, నీలిరంగు దిష్టిపూసలు. ఒక కొట్టు మీద "అసలైన నకిలీ గడియారాలు" అని ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. అసలు, నకిలీ రెండూ మనకు అరబ్బీ నుంచి వచ్చినవే కనుక ఆ బోర్డును తెలుగులోనే రాయించి ఉండాల్సింది!

తువ్వాళ్ల కొట్టులో మా ఆవిడ బేరం మొదలుపెట్టింది. అతను ముప్పై యూరోలు అన్నాడు, ఈమె ఇరవై అంది. అతను నాలుకతో చిన్న చప్పుడు చేసి కనుబొమలు పైకెత్తాడు. అక్కడ అది 'కుదరదు' అనడం. ఆపిల్ టీ వచ్చింది, కబుర్లు వచ్చాయి, ధర మాత్రం కదల్లేదు. మేము లేవబోతుంటే "సిఫ్తా, సిఫ్తా" అంటూ ఇరవై రెండుకు ఇచ్చేశాడు. నోట్లు తీసుకుని గడ్డానికి రాసుకుంటూ "సిఫ్తా సెన్‌దెన్, బెరెకెత్ అల్లాహ్‌తన్" అన్నాడు. తొలి అమ్మకం నీ నుంచి, సమృద్ధి దేవుడి నుంచి అని అర్థం చెప్పాడు. మన దగ్గర ఆ డబ్బును కళ్లకద్దుకుంటారు, అంతే తేడా. మరి మన బోణీకి ఇలాంటి రెండో సగం, ఆ 'బెరెకెత్' ముక్క, ఎక్కడైనా ఉందా?

కాకినాడ సభ్యుడు: ముందుగా ఒక అడ్డు తొలగిద్దాం. పూబోణి, విరిబోణి అన్నచోట ఉన్న 'బోణి' వేరు. అది స్త్రీని చెప్పే మాట, దానికీ అంగడికీ సంబంధం లేదు. మన బోణీకి తోబుట్టువులు హిందీ బోహనీ, తమిళ పోణి, కన్నడ బోణి. దేశంలో సగం అంగళ్లు ఈ ఒక్క మాటతోనే తలుపులు తీస్తాయి.

ఇక సిఫ్తా. దాని మూలం అరబ్బీ 'ఇస్తిఫ్తాహ్', అంటే తెరవడం, ఆరంభించడం. ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా, హైదరాబాదు ఫతే మైదాన్, 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన సుల్తాను మెహ్మెద్ బిరుదు 'ఫాతిహ్', అన్నీ ఆ ధాతువు సంతానమే. తెరవడం, గెలవడం రెండూ ఆ ధాతువులోనే ఉన్నాయి. ఇస్తాంబుల్ పెద్ద బజారుకు పునాది వేయించింది కూడా ఈ ఫాతిహే.

జర్మనీ సభ్యురాలు: మా వీధి నిండా టర్కీవాళ్ల దుకాణాలే కనుక కొంచెం చెప్పగలను. వాళ్ల భాషలో వ్యాకరణం మనకు తిరగేసినట్లు ఉంటుంది. దుకాణదారుడే "సిఫ్తా యప్తమ్" అంటాడు, అంటే 'నేను బోణీ చేశాను' అని. కొన్నవాడు కర్త కాడు. అందుకే సామెతలో 'సెన్‌దెన్', అంటే 'నీ నుంచి', అని విడిగా చెప్పాల్సి వచ్చింది. అన్నట్టు, వాళ్ల ఆటల పేజీల్లోనూ లీగులో తొలి గెలుపునో తొలి గోలునో సిఫ్తా అంటారు.

ఒక కథ కూడా చెప్పుకుంటారు. ఆ ఫాతిహ్ సుల్తానే మారువేషంలో బజారుకు వెళ్లి ఒక కొట్టులో ఒక సరుకు కొన్నాడట. ఇంకొకటి అడిగితే "నాకు సిఫ్తా అయింది, పక్కతనికి ఇంకా కాలేదు, అక్కడ కొనండి" అన్నాడట దుకాణదారుడు. ఆ పక్కతనూ ఒకటి అమ్మి, మిగతాదానికి ఆ పై కొట్టుకు పంపాడట. నిజమో కల్పనో గాని, సిఫ్తా ఒక్కడి అదృష్టం కాదు, వరుసలో ఉన్న కొట్లన్నిటిదీ అన్న భావం అందులో ఉంది. మన బోణీ చుట్టూ అలాంటి కథ నేనైతే వినలేదు.

విజయవాడ సభ్యుడు: కథ బాగుంది. నాకు తెలిసిన బోణీ మాత్రం బేరం ఆపే అస్త్రం. మధ్యాహ్నం మూడింటికి కూడా "ఇంకా బోణీ కాలేదండీ" అనే కొట్లు మా ఊళ్లో ఉన్నాయి. ఓడల రేవులో అయితే చెప్పాలా? అక్కడ దిగిన ప్రతి ప్రయాణికుడూ ఎవరో ఒకరికి సిఫ్తాయే. మీకు ఎనిమిది యూరోలు తగ్గాయని సంతోషిస్తున్నారు గాని, ముప్పై అన్న ధర ఓడను చూసి పుట్టిందే! కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నవాళ్లు ఊరికే అనలేదు.

తెనాలి సభ్యురాలు: అందరినీ ఒకే గాట కట్టకండి. మాది ధాన్యం కొట్టు. మా మామగారు బోణీ కాకుండా ఎవరికీ అరువు ఇచ్చేవారు కాదు, తొలి బేరాన్ని తెగనివ్వకుండా పంపేవారూ కాదు. తెగడం అంటే ఇక్కడ ధర కుదరడం, బయటివాళ్లకు ఇది తికమకే. రూపాయి తగ్గినా సరే, మొదటి మనిషి ఉత్త చేతులతో వెళ్లకూడదు. తగ్గింపు కొన్నవాడి మీద దయతో కాదు, రోజంతా ఎలా సాగుతుందోనన్న భయంతో. బోణీకి కర్త కొన్నవారు కావడం అందువల్లేనని నా అభిప్రాయం. "ఆయన చేయి మంచిది" అంటాం గాని "మా కొట్టు మంచిది" అనం కదా.

రెండో సగం అడిగారు. అది బోణీలో లేదు, కొలతలో ఉంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. ఇవాళ ఎలక్ట్రానిక్ కాటా మీద ఆ మాట అనే సందర్భమే లేదు.

ప్రశ్న వేసిన సభ్యుడు: ఈ 'లాభం' మా తాతగారి నోట విన్నదే, ఇక్కడికి ముడిపెట్టాలని తోచలేదు. బెరెకెత్‌కు దీనికంటే దగ్గరి జత దొరకదు. విజయవాడ వారి అనుమానం కూడా కొట్టివేయలేను. ఆ వీధిలో తర్వాత మేం ఎక్కిన తివాచీల కొట్టులోనూ సిఫ్తాయే వినిపించింది, అప్పటికి సూర్యుడు నెత్తి మీదికి వచ్చాడు. అయినా అతను నోట్లను గడ్డానికి రాసుకోవడం నటన అనిపించలేదు.

ఆటల పేజీ సంగతి మాత్రం తేలాలి. 'బోణీ కొట్టింది' అన్నప్పుడు కొన్నవారు ఎవరు, ఓడిన జట్టా?

కాకినాడ సభ్యుడు: అదే అనుకోండి, పాపం వాళ్లు మూల్యం చెల్లించారు కదా! నా మట్టుకు అది తప్పు ప్రయోగం కాదు. "కొట్టుకు బోణీ అయింది" అన్నచోట ఫలితం కొట్టుదే. ఆ ఫలితాన్ని పట్టుకుని విలేకరులు క్రియ మార్చారు. మార్చేటప్పుడు చేయి పోయింది, అదొక్కటే నాకు లోటు.

హైదరాబాదు సభ్యుడు: పక్కదారి పడుతున్నాను, మన్నించాలి. ఇస్తాంబుల్ పెద్ద బజారును వాళ్లు 'కపాలి చార్షి' అంటారు, అంటే కప్పు వేసిన అంగడి వీధి. ఆ చార్షి పారశీకపు 'చార్‌సూ'. నాలుగు దిక్కులకు దారులున్న కూడలి అని అర్థం. చార్ కమాన్ మధ్యనున్న మన గుల్జార్ హౌజ్ పాత పేరు 'చార్‌సూ కా హౌజ్'. ముత్యాలకు, బంగారానికి అక్కడికి వెళ్లేవారందరూ చార్షిలో కొన్నట్లే లెక్క. ఆ తువ్వాలు పేరు పెష్తెమాల్ అయి ఉంటుంది. వీపు తుడిచేది అది, ముఖం తుడిచేది మన రుమాలు, రెండూ పారశీకపు అన్నదమ్ములు.

మేము వచ్చే నెల వెళ్తున్నాం. మా ఓడ ఇస్తాంబుల్‌లో ఆదివారం ఆగుతుంది.

జర్మనీ సభ్యురాలు: ఆదివారాన్ని వాళ్లు 'పజార్' అంటారు, అంటే బజారే. తమాషా ఏమిటంటే పెద్ద బజారుకు ఆ రోజే సెలవు. మీరు ఎమినోనూలో ఉన్న మసాలా బజారుకు వెళ్లండి, అది ఆదివారమూ తెరిచే ఉంటుంది. ఎండిన అత్తిపండ్లు, పిస్తాలు ధైర్యంగా కొనండి. కుంకుమపువ్వు చవకగా కనిపిస్తే మాత్రం ఆగి చూడండి, చాలాసార్లు అది కుసుమపువ్వు.