తాలింఖానాలోని పాత బార్‌బెల్ ఏ కాలంనాటిదో ఎట్లా తేల్చాలి?

హన్మకొండలోని ఒక పాత తాలింఖానాలో (కసరత్తుశాలలో) గదల్లాంటి చెక్క ముగ్దర్ల పక్కన ఇనుప బార్‌బెల్ ఒకటుంది. పొడవు 2.2 మీటర్లు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు, ప్లేట్లు ఎక్కే స్లీవు 50. బారు ఒక్కటే 20 కిలోలు. చేతులు ఎక్కడ పెట్టాలో చూపే పట్టు గీతల మధ్య దూరం 91 సెంటీమీటర్లు, అంటే వెయిట్‌లిఫ్టింగుదే. పవర్‌లిఫ్టింగుదైతే 81 ఉండాలి. తిరిగే స్లీవు 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికే ఉంది కాబట్టి దాన్నిబట్టి కాలం తేలదు. కంపెనీ ముద్ర తుప్పులో కలిసిపోయింది.

కుడి స్లీవు బిగుసుకుంది. సుత్తితో కొడితే స్లీవు తిరగడానికి లోపల ఉండే ఇత్తడి గొట్టం (బుష్) దెబ్బతింటుంది, మంట పెడితే ఉక్కు గట్టిదనం తగ్గుతుంది. కిరోసిన్ మాత్రం పోస్తున్నాం. ఇంత మంచి బారు పాత ఇనుము కింద పోకూడదు. స్లీవు ఊడకుండా చివర పట్టి ఉంచేది బోల్టా, లాక్ రింగా అన్నదాన్నిబట్టి కాలం చెప్పొచ్చా? ముద్ర చెరగకుండా తుప్పు తీసేదెట్లా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.